నీటిబొట్టు నైజం – పాలిమర్ పొర మర్మం

కొనుగోలుకూ ఋణానికీ ముందు రైతులు, డీలర్లు తెలుసుకోవలసిన శాస్త్ర విషయాలు

తామరాకు మీద నీటిబొట్టు అంటదన్న సంగతి మన పల్లెల్లో చిన్నపిల్లలకు సైతం తెలుసు. చేమ ఆకు మీద పోసిన నీరు ముత్యాలుగా విడిపోయి జారిపోతుంది. అదే నీటిని నూలు బట్ట మీద పోస్తే క్షణంలో ఇంకిపోతుంది. నీరు ఒక్కటే, అది తాకిన ఉపరితలం మాత్రమే వేరు. ఈ చిన్న భేదం మీద నేటి వ్యవసాయంలో లక్షల రూపాయల పెట్టుబడి ఆధారపడి ఉన్నదంటే అతిశయోక్తి కాదు.

పూర్వం నీరు కాలువ నుండి నేరుగా మట్టిని తాకేది. నేడు అది మట్టిని చేరేలోపే అనేక పాలిమర్ ఉపరితలాలను తాకుతున్నది. బోరు నుండి పి.వి.సి. పైపులో, అక్కడి నుండి పాలిథీన్ లేటరల్ గొట్టంలో ప్రవహిస్తున్నది. మల్చింగ్ షీటు కింద ఆవిరై మరల బొట్లుగా మారుతున్నది. పాలీహౌస్ కప్పు లోపలి వైపున చెమ్మగా పేరుకుంటున్నది. పంట చేతికి వచ్చిన తరువాత కూడా టార్పాలిన్, గోనె సంచి, ప్లాస్టిక్ సంచి రూపాలలో ఈ సంబంధం కొనసాగుతూనే ఉన్నది. వ్యవసాయంలో ప్లాస్టిక్కుల వినియోగాన్ని ప్రోత్సహించేందుకు 1981లో కేంద్ర ప్రభుత్వం ఒక జాతీయ సంఘాన్ని నియమించినది మొదలు ఈ వస్తువులు క్రమంగా గ్రామసీమలకు విస్తరించాయి. వీటిలో చాలా వాటికి బ్యాంకులు ఋణ సౌకర్యం కల్పిస్తున్నాయి.

అయితే ఈ వస్తువులను కొనే సమయంలో రైతు అడిగే ప్రశ్నలు సాధారణంగా మూడే. ధర ఎంత? మందం ఎంత? రాయితీ ఎంత? వీటికి నాలుగో ప్రశ్నను కూడా చేర్చవలసిన అవసరం ఉన్నది. “ఈ పొరను తాకిన నీరు ఏమవుతుంది?” అన్నదే ఆ ప్రశ్న. దీనికి సరైన సమాధానం తెలిసిన రైతు తన ఋణాన్ని సద్వినియోగం చేసుకోగలడు. తెలియని రైతు మంచి వస్తువునే కొని, తగని చోట వాడి నష్టపోయే ప్రమాదం ఉన్నది.

నీటి అణువు స్వభావం

ఒక నీటి అణువులో ఒక ఆక్సిజన్ పరమాణువు, రెండు హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. ఇవి ఒకే వరుసలో కాక, వంపు తిరిగిన ఆకారంలో అమరి ఉంటాయి. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తనవైపు ఎక్కువగా లాగుకొంటుంది. అందువలన ఆ వైపు స్వల్పమైన ఋణావేశం, హైడ్రోజన్ల వైపు స్వల్పమైన ధనావేశం ఏర్పడతాయి. ఒక అణువులోని హైడ్రోజన్, పక్క అణువులోని ఆక్సిజన్ వైపు ఆకర్షింపబడుతుంది. దీనినే హైడ్రోజన్ బంధం అంటారు. గ్లాసెడు నీటిలోని అణువులన్నీ ఈ విధంగా ఒకదాని చేయి ఒకటి పట్టుకొని ఉంటాయి. ఈ పట్టు క్షణక్షణం వీడుతూ, మరల ఏర్పడుతూ ఉంటుంది.

నీటి లోపల ఉన్న అణువుకు అన్ని వైపులా తోడు ఉంటుంది. పైభాగాన ఉన్న అణువుకు గాలి వైపున తోడు లేదు. కనుక అది లోపలికి లాగబడుతుంది. ఈ కారణంగా నీటి పైభాగం బిగుతుగా సాగదీసిన పొరవలె ప్రవర్తిస్తుంది. దీనిని తలతన్యత అంటారు. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద నీటి తలతన్యత మీటరుకు సుమారు 73 మిల్లీన్యూటన్లు. సాధారణ ద్రవాలలో ఇది చాలా ఎక్కువ. నీటిబొట్టు గుండ్రంగా ఉండడానికి కారణం ఇదే.

పాలిమర్ అంటే ఏమిటి?

చిన్న చిన్న అణువులు పూసలదండవలె వేల సంఖ్యలో వరుసగా కలిసి ఏర్పడిన పొడవైన గొలుసునే పాలిమర్ అంటారు. ప్లాస్టిక్ మాత్రమే పాలిమర్ అనుకోవడం పొరపాటు. పత్తి, జనపనార, కట్టె, వరిగడ్డిలలో ఉండే సెల్యులోజ్ ప్రకృతి తయారుచేసిన పాలిమర్. పాలిథీన్‌ను 1933లో ఇంగ్లండులోని ఒక ప్రయోగశాలలో ఎరిక్ ఫాసెట్, రెజినాల్డ్ గిబ్సన్ అనే రసాయన శాస్త్రవేత్తలు కనుగొన్నారు. వారు వేరొక ప్రయోగం చేస్తుండగా పాత్రలో మైనం వంటి తెల్లని పదార్థం మిగిలింది. నేటి డ్రిప్ గొట్టాలకూ మల్చింగ్ షీట్లకూ మూలం అదే.

పాలిథీన్ గొలుసులో కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉంటాయి. ఈ రెండూ ఎలక్ట్రాన్లను దాదాపు సమానంగా పంచుకొంటాయి. కనుక ఆ గొలుసు మీద చెప్పుకోదగిన ఆవేశం ఏదీ లేదు. నీటి అణువు చేయి చాచినా పట్టుకొనడానికి అక్కడ ఏమీ దొరకదు. సెల్యులోజ్ సంగతి వేరు. దాని గొలుసు పొడవునా ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసిన హైడ్రాక్సిల్ సమూహాలు ఉంటాయి. ఇవి నీటి అణువుతో సులభంగా హైడ్రోజన్ బంధాన్ని ఏర్పరచుకొంటాయి.

ఇక్కడ ఒక విషయం గమనార్హం. ప్లాస్టిక్ నీటిని తరిమివేస్తుందని మనం అంటాము. వాస్తవానికి పాలిథీన్‌కూ నీటికీ మధ్య కూడా స్వల్పమైన ఆకర్షణ ఉన్నది. అయితే నీటి అణువులకు తమలో తమకు ఉన్న ఆకర్షణ అంతకంటె ఎంతో ఎక్కువ. తన బంధువర్గాన్ని విడిచి ప్లాస్టిక్ మీద పరచుకొనడం నీటికి లాభదాయకం కాదు. అందుచేతనే అది బొట్టుగా ముడుచుకొంటుంది.

ఈ గుణాన్ని కొలిచే పద్ధతికి 1805లో థామస్ యంగ్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త పునాది వేశాడు. బొట్టు అంచు ఉపరితలంతో చేసే కోణాన్ని స్పర్శకోణం అంటారు. ఈ కోణం 90 డిగ్రీలకు తక్కువైతే నీరు పరచుకొనే స్వభావం, ఎక్కువైతే ముడుచుకొనే స్వభావం ఉన్నట్లు లెక్క. శుభ్రమైన గాజు మీద ఇది చాలా తక్కువ. నైలాన్ మీద 70 డిగ్రీల పరిసరాలలో, పాలిథీన్ మీద 100 డిగ్రీల పరిసరాలలో ఉంటుంది. తామరాకు మీద 150 డిగ్రీలను మించుతుంది. తామరాకుపై మైనంతో పాటు కంటికి కనిపించని సూక్ష్మమైన బొడిపెలు ఉంటాయి. బొట్టు వాటి కొనల మీద మాత్రమే ఆనుతుంది. కింద గాలి నిలిచి ఉంటుంది. జర్మనీకి చెందిన బార్త్‌లాట్, నైన్‌హుయిస్ అనే వృక్షశాస్త్రజ్ఞులు 1997లో ఈ రహస్యాన్ని వివరంగా ప్రకటించారు.

స్పర్శకోణాన్ని కొలవడానికి రైతుకు యంత్రం అవసరం లేదు. శుభ్రమైన షీటు ముక్కను బల్లపై పరచి, ఒక నీటిబొట్టు వేసి, కంటిని బల్ల ఎత్తుకు దించి పక్క నుండి చూస్తే చాలు. అరచంద్రుని మించి గుండ్రంగా ఉన్నదా, పలుచగా పరచుకొన్నదా అన్నది తెలిసిపోతుంది.

పాలీహౌస్ కప్పు: బొట్టు రాలితే తెగులు

రాత్రివేళ పాలీహౌస్ లోపలి గాలి వెచ్చగా, తేమతో నిండి ఉంటుంది. పైకప్పు పొర బయటి చలికి చల్లబడుతుంది. లోపలి ఆవిరి ఆ పొరను తాకి నీరుగా మారుతుంది. సాధారణ పాలిథీన్ పొర అయితే ఈ నీరు వేలకొలది చిన్న బొట్లుగా నిలుస్తుంది. తెల్లవారిన తరువాత ఈ బొట్లు రెండు విధాలుగా నష్టం కలిగిస్తాయి. మొదటిది, వచ్చే వెలుతురులో కొంత భాగాన్ని అవి వెనుకకు మళ్ళిస్తాయి. రెండవది, చిన్న బొట్లు కలిసి పెద్దవై మొక్కల మీద రాలుతాయి. ఆకు తడిగా ఉన్నంతసేపు బూజు తెగుళ్ళ బీజాలు మొలకెత్తడానికి అవకాశం కలుగుతుంది. క్యాప్సికం, కీరదోస, జెర్బెరా, గులాబీ వంటి పంటలు వేసిన వారికి ఈ బాధ సుపరిచితమే.

దీనికి పరిష్కారంగా బొట్టు రాలని పొరలు మార్కెట్టులోకి వచ్చాయి. వీటిని యాంటీ–డ్రిప్ ఫిల్ములని పిలుస్తారు. తయారీ సమయంలో ప్లాస్టిక్కులో ఒక ప్రత్యేక రసాయనాన్ని కలుపుతారు. ఈ రసాయనపు అణువుకు ఒక కొన పాలిథీన్‌తో పొత్తు కలుపుకొంటుంది. రెండవ కొన నీటిని ఇష్టపడుతుంది. ఇది క్రమంగా పొర ఉపరితలానికి చేరి, నీటిని ఇష్టపడే కొనను బయటికి చాచి నిలుస్తుంది. అప్పుడు ఆవిరి బొట్లుగా ముడుచుకొనక పలుచని పొరగా పరచుకొని, కప్పు వాలు వెంట పక్కలకు జారిపోతుంది.

ఇక్కడ రైతు గుర్తుంచుకొనవలసిన అంశాలు నాలుగు ఉన్నాయి. ఒకటి, ఈ రసాయనం శాశ్వతం కాదు. పొర మీదుగా జారే నీటితో పాటు అది కూడా కొద్దికొద్దిగా కొట్టుకుపోతుంది. కనుక పొర చిరుగకుండా ఉన్నప్పటికీ బొట్టు రాలని గుణం అంతకు ముందే అంతరించవచ్చు. రెండు, అనేక రకాల పొరలలో ఈ గుణం ఒక వైపునకే పరిమితం. లోపలి వైపు ఏదో పొర అంచున ముద్రించి ఉంటుంది. తిరగవేసి బిగిస్తే పెట్టిన అదనపు సొమ్ము వృథా. మూడు, కప్పుకు తగిన వాలు, బిగువు ఉండాలి. పొర ఉయ్యాలవలె సాగిన చోట నీరు గుమిగూడి రాలక తప్పదు. నాలుగు, లోపలి వైపును సబ్బు నీటితో రుద్ది కడుగరాదు. గంధకం, క్లోరిన్ ఉన్న మందుల వాడకం పొరకు ఎండను తట్టుకొనే శక్తిని తగ్గిస్తుందని కూడా గ్రహించాలి.

కొనే ముందు చిన్న పరీక్ష చేయవచ్చు. రెండు గ్లాసులలో సగం వరకు వేడినీరు పోయండి. ఒకదానిపై సాధారణ పాలిథీన్, రెండవదానిపై కొనదలచిన పొరను లోపలి వైపు కిందికి వచ్చేట్లు బిగించి కొద్దిగా వాల్చి ఉంచండి. కొంతసేపటికి మొదటిది బొట్లతో మసకబారుతుంది. రెండవది పలుచని నీటిపొరతో పారదర్శకంగా ఉండాలి. రెండింటికీ భేదం లేకపోతే ఆ పొరకు అదనపు ధర చెల్లించనవసరం లేదు.

బిందుసేద్యం: గొట్టంలో పేరుకొనే జిగట

లేటరల్ గొట్టం గోడకు నీటిని పీల్చే గుణం లేకపోవడం మంచిదే. గొట్టం ఉబ్బదు, నీరు వృథా కాదు. నల్లరంగుకు కారణమైన కార్బన్ బ్లాక్ సుమారు 2 నుండి 3 శాతం వరకు కలుపుతారు. అది ఎండలోని అతినీలలోహిత కిరణాల నుండి ప్లాస్టిక్కును కాపాడుతుంది. ఆ రక్షణ కొరవడితే గాలిలోని ఆక్సిజన్ గొలుసులను తాకి తెంచుతుంది. ఉపరితలం మీద ఆక్సిజన్ సమూహాలు ఏర్పడతాయి. పొడి రాలుతుంది, పగుళ్ళు వస్తాయి. ఎండకు పాతబడిన పాలిథీన్ మీద నీటిబొట్టు కొత్తదాని మీద కంటె ఎక్కువగా పరచుకొనడం ఈ మార్పుకు గుర్తు.

అయితే గొట్టం ఎంత నాణ్యమైనదైనా లోపల సూక్ష్మజీవులు చేరకుండా ఆపలేదు. బాక్టీరియా గోడకు అంటుకొని ఒక జిగట పదార్థాన్ని విడుదల చేస్తుంది. విశేషమేమంటే ఈ జిగట కూడా ఒక పాలిమరే. కాకపోతే అది నీటిని ఎంతగానో ఇష్టపడే పాలిమర్. నీటిని కరడుగట్టినట్లు పట్టుకొని మెత్తని పొరగా మారుతుంది. దానికి ఒండ్రు, ఇనుప తుప్పు, సున్నపు లవణాలు అంటుకొంటాయి. డ్రిప్పర్ రంధ్రం మూసుకొనిపోవడానికి ఆరంభం ఇదే. కఠినజలం ఉన్న బోర్ల కింద ఈ సమస్య మరింత తీవ్రం.

ఫిల్టరును క్రమం తప్పక కడగడం, లేటరల్ చివరలు విప్పి నీటిని బలంగా వదలడం మొదటి మెట్టు. సున్నపు పొరకు ఆమ్ల చికిత్స, జిగటకు క్లోరిన్ చికిత్స వాడుకలో ఉన్నాయి. ఆమ్లాన్ని నీటిలో పోయాలి గాని నీటిని ఆమ్లంలో పోయరాదు. ఆమ్లాన్నీ, బ్లీచింగ్ పౌడరు వంటి క్లోరిన్ పదార్థాన్నీ ఏ పరిస్థితిలోనూ కలుపరాదు. వాటి కలయికతో ప్రాణాంతకమైన విషవాయువు వెలువడుతుంది. ఈ చికిత్సలను కంపెనీ సాంకేతిక సిబ్బంది లేదా ఉద్యాన శాఖ అధికారి పర్యవేక్షణలో చేయించడం క్షేమకరం.

హైడ్రోజెల్: ఎంత నమ్మాలి?

నీటిని పీల్చని పాలిమర్ ఒక కొస అయితే, నీటిని విపరీతంగా పీల్చే పాలిమర్ మరొక కొస. ఇటువంటి పదార్థాలపై అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన పియోరియా పరిశోధనాలయం 1970 ప్రాంతాలలో ముఖ్యమైన కృషి చేసింది. మన దేశంలో న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ సెల్యులోజ్ ఆధారంగా పూసా హైడ్రోజెల్‌ను రూపొందించింది. ఇది స్వచ్ఛమైన నీటిలో తన బరువుకు కనీసం 350 రెట్లు నీటిని పీల్చుకొంటుందని, హెక్టారుకు 2.5 నుండి 5 కిలోలు సరిపోతుందని ఆ సంస్థ సూచన.

దీని పనితీరు ఇలా ఉంటుంది. గొలుసుల మీద ఒకే రకమైన ఆవేశం గల సమూహాలు ఉంటాయి. నీరు తగలగానే అవి ఒకదానినొకటి నెట్టుకొంటాయి. ముడుచుకొన్న వల విచ్చుకొన్నట్లు గొలుసులు విచ్చుకొంటాయి. ఆ వల కన్నులలో నీరు నిలుస్తుంది. నేల ఆరినప్పుడు వేర్లు ఆ నీటిని తిరిగి తీసుకొంటాయి.

ఇప్పుడు లెక్క వేసి చూద్దాము. హెక్టారుకు 5 కిలోలంటే ఎకరాకు 2 కిలోలు. 350 రెట్ల చొప్పున 2 కిలోల జెల్ ఒకసారి పట్టుకొనే నీరు 700 లీటర్లు. ఎకరా విస్తీర్ణంలో ఒక్క మిల్లీమీటరు వాన కురిస్తే పడే నీరు సుమారు 4,000 లీటర్లు. అనగా ఆ జెల్ మొత్తం పట్టుకొనేది పావు మిల్లీమీటరు వాన కంటె తక్కువే. వేసవిలో ఎదిగిన పంటకు రోజుకు ఐదారు మిల్లీమీటర్ల నీరు అవసరమవుతుంది. కనుక హైడ్రోజెల్ సాగునీటికి ప్రత్యామ్నాయం కాదు. “ఇది వేస్తే నీరు పెట్టనవసరం లేదు” అని ఎవరైనా చెబితే ఈ లెక్కను వారి ముందు ఉంచండి.

అలాగని అది నిరుపయోగం కూడా కాదు. పొలమంతా చల్లక, విత్తనపు సాలులో, వేరు పెరిగే చోట మాత్రమే వేస్తే ఆ కొద్దిపాటి నీరు మొలకకూ లేతవేరుకూ అందుబాటులో ఉంటుంది. తడి పెట్టిన ప్రతిసారీ జెల్ మరల నిండుతుంది. నర్సరీ నారుకు, నాటిన తొలి దినాలలో మొక్క నిలదొక్కుకొనడానికి ఇది తోడ్పడగలదు.

మరొక ముఖ్య విషయం. పైన చెప్పిన 350 రెట్లు స్వచ్ఛమైన నీటికి సంబంధించిన లెక్క. లవణాలున్న నీటిలో ఆవేశాల మధ్య నెట్టుడు బలహీనపడుతుంది. కాల్షియం అయితే రెండు గొలుసులను ఒకచోట బంధించి వలను విచ్చుకొననివ్వదు. కావున ఉప్పునీటి బోరు కింద దీని సామర్థ్యం చాలా తగ్గుతుంది. ఒక గ్రాము జెల్‌ను లీటరు వాననీటిలో, మరొక గ్రామును లీటరు మీ బోరునీటిలో వేసి, కొన్ని గంటల తరువాత పలుచని బట్టలో వడగట్టి మిగిలిన నీటిని కొలవండి. మీ పొలానికి అది ఎంతవరకు పనికివస్తుందో మీకే బోధపడుతుంది.

పత్తి, ధాన్యం, సంచి: తేమ లెక్కలు

కొన్న పాలిమర్ గురించి ఇంతవరకు చెప్పుకొన్నాము. పత్తి రైతు అమ్మేది కూడా పాలిమరే. నూలు పోగు గాలిలోని తేమను హైడ్రాక్సిల్ సమూహాల ద్వారా పట్టుకొంటుంది. వస్త్ర వ్యాపారంలో పొడి బరువు మీద నూలుకు 8.5 శాతం, జనపనారకు సుమారు 14 శాతం తేమను సహజమైనదిగా లెక్కిస్తారు. నైలాన్‌కు ఇది 4 శాతం పరిసరాలలో, పాలిస్టర్‌కు 0.4 శాతం. పాలీప్రొపిలీన్‌కు దాదాపు సున్న.

భారత పత్తి సంస్థ కొనుగోళ్ళలో తేమకు 8 శాతం ప్రమాణం. 12 శాతం వరకు ధరలో తగ్గింపుతో తీసుకొంటారు; ఆపైన తిరస్కరిస్తారు. 12 శాతం తేమ ఉన్న క్వింటాలు పత్తిలో పొడి సరుకు 88 కిలోలు మాత్రమే. దానిని 8 శాతానికి ఆరబెడితే బరువు సుమారు 95.7 కిలోలవుతుంది. తగ్గిన బరువు నీరే గాని పత్తి కాదు. బరువు కోసం నీరు చల్లడం వలన లాభం లేకపోగా, పోగులో చేరిన తేమ సూక్ష్మజీవులకు ఆశ్రయమై, లోపల వేడి పుట్టి పత్తి రంగు మారుతుంది. 12 శాతం గీత దాటితే బండి మొత్తం వెనుదిరగవలసి వస్తుంది.

ధాన్యం విషయంలో ప్రభుత్వ కొనుగోలుకు తేమ పరిమితి 17 శాతం. అకాల వర్షాల భయంతో కల్లంలోని వడ్ల రాశిని టార్పాలిన్‌తో గట్టిగా కప్పి ఉంచడం సర్వసాధారణం. వాన ఉన్నంతసేపు అది తప్పదు. అయితే పాలిథీన్ పూత గల పట్టా బయటి నీటిని లోపలికి రానివ్వనట్లే లోపలి ఆవిరిని బయటికి పోనివ్వదు. తడి గింజ శ్వాసిస్తూ వేడెక్కుతుంది. లేచిన ఆవిరి రాత్రి చల్లబడిన పట్టాను తాకి బొట్లుగా మారి తిరిగి రాశి మీదనే పడుతుంది. పై వరుస గింజలు మొలకెత్తడానికీ రంగు మారడానికీ ఇది కారణం. వాన వెలియగానే పట్టా తొలగించి, లోపలి బొట్లను బయట దులిపి, రాశిని తిరగబోయాలి. నేల తేమ పైకి రాకుండా అడుగున కూడా పట్టా పరవాలి.

గోనె సంచి తేమను పీల్చుతుంది, వదలుతుంది. అందులోని ధాన్యానికి గాలి ఆడుతుంది. పాలిథీన్ పొర గల సంచి రెండింటినీ ఆపుతుంది. బాగా ఆరిన గింజకు అది కవచం. ఆరని గింజకు అదే ఆవిరి పాత్ర. విత్తన ధ్రువీకరణ ప్రమాణాలలో వరి విత్తనానికి సాధారణ సంచిలో 13 శాతం వరకు తేమను అనుమతించి, ఆవిరి చొరని సంచికి మాత్రం 8 శాతమే పరిమితిగా విధించడంలోని ఆంతర్యం ఇదే. విత్తన డీలర్లు ఈ భేదాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకొనాలి.

ఆకుపై మందు నిలవాలంటే

మొక్క ఆకును కప్పి ఉంచే క్యూటిన్ అనే పదార్థం కూడా సహజమైన పాలిమర్. దానిపై మైనపు పూత ఉంటుంది. వరి, క్యాబేజీ, ఉల్లి ఆకుల మీద ఈ మైనం బలంగా ఉండి పిచికారీ బొట్టును నిలువనివ్వదు. బొట్టుతో పాటు మందు, మందుతో పాటు సొమ్ము నేలపాలవుతాయి. స్ప్రెడర్ల పేరిట అమ్మే ద్రావణాలు నీటి తలతన్యతను 73 నుండి 30 ప్రాంతానికి, కొన్ని సిలికోన్ రకాలు అంతకంటె దిగువకు తగ్గిస్తాయి. అప్పుడు బొట్టు ఆకు మీద పరచుకొంటుంది.

మోతాదు మించితే ఫలితం తారుమారవుతుంది. పరచుకొన్న నీరు ఆకు అంచు నుండి కారిపోతుంది. ఆకు మాడవచ్చు కూడా. మందు డబ్బాపై స్ప్రెడర్ కలిపే సూచన ఉన్నదో లేదో చూడాలి. కొన్ని మందుల తయారీలోనే అది కలిసి ఉంటుంది. బట్టల సబ్బు పొడిని ప్రత్యామ్నాయంగా కలపడం మంచిది కాదు.

ఋణం తీసుకొనే ముందు

పై విషయాలను ఋణ ప్రణాళికకు అన్వయించుకొనడం ముఖ్యం. పాలీహౌస్ ఇనుప కట్టడం పదిహేనేళ్ళకు పైగా నిలువవచ్చు. దానిపై పొర సాధారణంగా మూడు నాలుగేళ్ళకు మార్చవలసి వస్తుంది. పొర మీది బొట్టు రాలని గుణం అంతకంటె ముందే తగ్గవచ్చు. ఋణ వాయిదాలు మాత్రం అంతకు మించిన కాలం సాగుతాయి. ఈ మూడు కాలాలను ఒకే లెక్కలో కలిపివేయరాదు. పొర మార్పిడికి కావలసిన మొత్తాన్ని ఏటా కొంత చొప్పున పక్కన పెట్టుకొనే విధంగా బ్యాంకు అధికారితో కలిసి ప్రణాళిక వేసుకొనాలి. లేనిచో పొర చిరిగిన ఏడాది ఆదాయం పడిపోయి, అదే ఏడాది వాయిదా బకాయి పడే ప్రమాదం ఉన్నది.

లేటరల్ గొట్టాలకు ఐ.ఎస్. 12786, డ్రిప్పర్లకు ఐ.ఎస్. 13487, మంచినీటి పి.వి.సి. పైపులకు ఐ.ఎస్. 4985 ప్రమాణాలు ఉన్నాయి. ఆ సంఖ్య, ఐ.ఎస్.ఐ. ముద్ర వస్తువు మీద ఉన్నదో లేదో చూడండి. వస్తువు పేరు, మందం, గుణం, హామీ కాలం బిల్లులో వ్రాయించుకొనండి. సూక్ష్మసేద్యానికి కేంద్ర మార్గదర్శకాలలో చిన్న, సన్నకారు రైతులకు 55 శాతం, ఇతరులకు 45 శాతం రాయితీ పేర్కొనబడింది. రాష్ట్రాలు దీనికి అదనంగా చేర్చే మొత్తం ఏడాదిని బట్టి మారుతుంది. కనుక ఉద్యాన శాఖ కార్యాలయంలో విచారించి, రాయితీ పోను మిగిలిన మొత్తానికే ఋణం కోరడం వివేకం. నాణ్యతపై అనుమానం కలిగితే సిపెట్ వంటి కేంద్ర సంస్థల ప్రయోగశాలలలో పరీక్ష చేయించవచ్చు.

డీలర్ మిత్రులకు ఒక మనవి. పొర చుట్టలను ఎండలో నిలువ చేయకండి. లోపలి వైపు ఏదో రైతుకు చూపించి ఇవ్వండి. హైడ్రోజెల్‌ను నీటికి బదులుగా కాక, నీటికి తోడుగా మాత్రమే పరిచయం చేయండి. మీ దుకాణంలో ఒక గ్లాసు వేడినీరు, ఒక పొర ముక్క సిద్ధంగా ఉంచితే చాలు. ఏ ప్రకటన కన్నా అదే రైతుకు నమ్మకం కలిగిస్తుంది. ఆ నమ్మకంతో కొన్న రైతు మరల మీ వద్దకే వస్తాడు, తీసుకొన్న అప్పును కూడా సకాలంలో తీర్చగలుగుతాడు.